గుమ్మడికాయ మీద తొలి వేటు

ఆదోని రైల్వే ప్లాట్‌ఫారం మీద, టీ గ్లాసు చేతిలో ఉండగానే ఏజెంట్ బసప్ప కుప్పకూలాడు. ఒలికిన టీ దాల్చినచెక్క వాసన కొట్టింది.

మర్నాడు కర్నూలులో ఒక గుడారం. కొత్త రాష్ట్రానికి ఇంకా భవనాలు లేవు, గూఢచారి శాఖకూ గుడ్డ గోడలే. ఏజెంట్ ఉచ్చీరప్పతో మాట్లాడుతూ చీఫ్ ప్రభుదాసు గొంతు తగ్గించాడు.

"దాల్చిన, లవంగం, శొంఠి, జాజికాయ. ఆ పొడిలో కలిస్తే విషం రుచి తెలీదు. బ్లాక్ స్కార్పియన్ అనే విదేశీ ముఠా పని. రేపు మధ్యాహ్నం ఎమ్మిగనూరులో కాలువ ఇంజనీర్లకు విందు, గుమ్మడికాయ హల్వాతో. వంటింట్లో ఒక ఆడమనిషి ముఠాకు పనిచేస్తోంది."

"మనవాళ్ళెవరైనా?"

"జయమ్మ. స్థానికురాలు. 'జొన్నగిరిలో వాన పడిందా?' అంటుంది. 'బంగారం తేలింది' అను."

ఉచ్చీరప్ప తలూపాడు. అతనిది ఆదోని పక్క పల్లె. ఇంజనీర్లు పోతే కాలువ ఆగుతుంది. కాలువ ఆగితే తన ఊరు మళ్ళీ కరువు గంజికేంద్రం ముందు వరసలో నిలబడాలి.

వంటమాస్టర్ వేషం. జేబులో ఫౌంటెన్ పెన్, దాని మూత తిప్పితే మత్తుసూది దూసుకొస్తుంది.

ఎమ్మిగనూరు వంటశాలలో పెద్ద వంటమనిషి లింగమ్మ రాగానే అతని చేతికి కత్తి ఇచ్చింది. ఎదురుగా రెండు గుమ్మడికాయలు.

"ఒక ఏటు ఎయ్యప్పా. మొగోడు పగలగొట్టందే ఈడ ఆడోళ్ళం కాయ తరగం."

అతను ఒక కాయను రెండు చెక్కలు చేశాడు. అది నేతిలో మగ్గి హల్వా అయ్యేసరికి వంటశాలంతా ఘుమఘుమ. లింగమ్మ డబ్బా తీసి ఏదో పొడి ధారాళంగా చల్లింది. దాల్చిన వాసన! ఉచ్చీరప్ప చెయ్యి జేబులోని పెన్ మీదికి వెళ్ళింది.

"హల్వాకు ఏలక్కాయ సాలదా అక్కా? దాల్చిన పలావులోకి గదా?"

"యాడన్నా మంచి హల్వా తిన్యావా నువ్వు? దాల్చిన, లవంగం ల్యాకుంటే అది కుడితి! తిని సూడు." ఒక ముద్ద నోటికి అందించబోయింది. అతను మొహం తిప్పుకున్నాడు.

వాకిట్లో పట్టుచీర గరగరలాడింది. తల నిండా మల్లెలు, కళ్ళల్లో కొంటెతనం.

"జొన్నగిరిలో వాన పడిందా?"

"బంగారం తేలింది."

జయమ్మ అతని చెవి దగ్గరికి వచ్చింది. "ఆ లింగమ్మే. డబ్బా సూసినావు గదా?"

ఉచ్చీరప్ప లింగమ్మను రెక్క పట్టి లాక్కెళ్ళి గోదాములో వేసి తాళం పెట్టాడు. "నీ నోట్లో మన్ను పడ!" అని లోపలి నుంచి తిట్లు. అతను కొత్త హల్వా చేయించాలనుకుంటూ తిరిగొచ్చాడు.

"పులుసు సంగతి నేను సూసుకుంటా," అంటూ జయమ్మ రెండో గుమ్మడికాయ మీద కత్తి ఎత్తింది. ఒక్క వేటుకు కాయ రెండు చెక్కలైంది.

ఉచ్చీరప్ప ఆ చెక్కల వంక చూశాడు. భర్త పోయిన తన తల్లి ప్రతి గుమ్మడికాయకూ పక్కింటి మగవాణ్ణి బతిమాలి పిలిచేది. ఇక్కడ ఎదురుగా మగవాడు నిలబడి ఉండగా ఈమె పిలవలేదు.

"మీది ఏ ఊరు జయమ్మా?"

"ఈ ఊరే. ఈడనే పుట్టి పెరిగినా."

ఆమె చేతికున్న బోలు గాజు తెరుచుకుని ఉంది. అంచున తెల్లటి పొడి. హల్వా గంగాళం చోటు ఖాళీ! అతను గోదాము దగ్గరున్నప్పుడే అది వడ్డనకు వెళ్ళిపోయింది.

కత్తి తన మీదికి లేచేలోపు పెన్ మూత తిప్పాడు. ఆమె పొయ్యి పక్కనే ఒరిగిపోయింది. అతను చేతికందిన గుమ్మడి చెక్కతో భోజనాల పంచలోకి పరిగెత్తాడు. చీఫ్ ఇంజనీరు నోటి దగ్గర హల్వా ముద్ద! ఉచ్చీరప్ప గురి చూసి విసిరాడు. ముద్ద, విస్తరి, కళ్ళద్దాలు మూడూ ఎగిరిపడ్డాయి.

"ఎవరూ తినొద్దు!"

ఎవరూ తినలేదు.

గోదాము తలుపు తెరిచి ఉచ్చీరప్ప చేతులు జోడించాడు. లింగమ్మ తన డబ్బాలోని పొడి చిటికెడు నోట్లో వేసుకుని, అతన్ని ఎగాదిగా చూసి, మళ్ళీ పొయ్యి ముట్టించింది. ఈసారి ఆమె అందించిన ముద్దను అతను కళ్ళు మూసుకుని తిన్నాడు.

సాయంత్రం వైర్‌లెస్‌లో కర్నూలు పలికింది. "రిపోర్ట్?"

"ముఠా మనిషి దొరికింది, మనం స్థానికురాలని నమ్మిన జయమ్మే. ఇంజనీర్లు క్షేమం. దాల్చిన వెయ్యాలా వద్దా అని మాత్రం ఇంకా కొట్లాడుకుంటున్నారు. నేను లింగమ్మ పక్షం. ఓవర్."