నలభై సెకన్ల గుడ్డితనం

ముంగిసకు ఉద్యోగం ఊడిందని కింది వాటా దర్జీ భార్య చెప్పుకుంటోందట. "మొన్నటిదాకా సూటూ బూటూ వేసుకు తిరిగిన మనిషి, ఇప్పుడు భుజాన నిచ్చెన, చేతిలో వైర్ల చుట్ట. పాపం, ఇల్లెలా గడుస్తుందో!" అని జాలి కూడా పడిందట. ముంగిస భార్య ఆ ముక్క చెప్పి, భోజనం డబ్బా ఠపీమని బల్లమీద పెట్టింది.

ముంగిస డబ్బా సంచిలో వేసుకున్నాడు. గూఢచారి శాఖలో అతని పేరు అది. కేబుల్ పనివాడి వేషం కట్టి అప్పటికి మూడు వారాలు.

ఎనిమిదింటికి చీఫ్ గదిలో బ్రీఫింగ్.

"విదేశీ ముఠా ఇవాళ పదింటికి దెబ్బ కొడుతోంది. టార్గెట్, సొరంగం రైళ్ళ సిగ్నల్ నెట్‌వర్క్. మరమ్మతుల వల్ల రెండువైపుల రైళ్ళూ ఒకే పట్టా మీద నడుస్తున్నాయి. వాటిల్లో పన్నెండు వందల మంది."

"బాంబా?"

"కాదు. సొరంగంలో ఒక రూటర్‌ని స్తంభింపజేస్తారు. అంతే. రైళ్ళు ముందే ఆపితే ముఠా జారుకుంటుంది."

ముంగిస పళ్ళు నూరాడు. "పోయిన నెల సొరంగంలో పనివాడు పోయింది ప్రమాదం కాదన్నమాట. రిహార్సల్!"

చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మన శాఖకి నెట్‌వర్క్ సలహాలిచ్చే కన్సల్టెంట్ మేడమ్ నీకు తోడుగా వస్తుంది. మన మనిషే."

తొమ్మిదిన్నరకు ముంగిస రైళ్ళ కంట్రోల్ రూమ్ తలుపు తట్టాడు.

"నీళ్ళ పంపు ఎక్కడ?"

"పంపు లేదు, బకెట్ ఉంది," అంది లోపలి ఇంజనీరమ్మ. కోడ్ సరిపోయింది. "త్వరగా రండి. తలుపు దగ్గర నాటకాలెందుకు!"

ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పోయిన నెల రైలు కింద పడ్డ పట్టా పనివాడు ఆమె తమ్ముడు. వాడి అజాగ్రత్తే కారణమని రిపోర్టు రాశారు. అది నమ్మి తల్లి చచ్చినవాణ్ణి రోజూ తిట్టి ఏడుస్తోంది.

"వాడి తప్పు కాదన్నా," అంది ఆమె స్క్రీన్ చూపిస్తూ. "మా రూటర్ సొరంగంలోని రెండు రూటర్లనీ పది సెకన్లకోసారి ఉన్నావా అని పలకరిస్తుంది. నలభై సెకన్లు ఉలుకూ పలుకూ లేకపోతేనే అవతలిది చచ్చిందని తేల్చుకుని, రెండో దారి పడుతుంది. అందాకా మనం పంపే ఎర్ర సిగ్నల్ గాల్లో కలిసినట్టే. ఇక్కడ లింకు బాగుందని లైటు మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంటుంది! ఆ నలభై సెకన్లలోనే వాడి మీదికి రైలొచ్చింది."

"తగ్గించలేమా?"

"సెకనుకోసారి పలకరించి, నాలుగు సెకన్లకే తేల్చుకోమనొచ్చు."

అప్పుడే సెంటు వాసన ముందు, ముత్యాల హారం వెనక, కన్సల్టెంట్ లోపలికి వచ్చింది. గోడ గడియారంలో తొమ్మిదీ యాభై మూడు.

"అలాగే చెయ్యండి. టైమ్ లేదు. ఇక్కడి రూటర్‌లో రెండు దారులకీ ఒకేసారి మార్చెయ్యండి. అవతలివి తర్వాత చూద్దాం."

ఇంజనీరమ్మ వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"ఇక్కడ ముందా? రెండువైపులా టైమర్లు కలవకపోతే అవి ఒకదాన్నొకటి లెక్కచెయ్యవు. రెండు దారులూ తెగిపోతాయి. ఆ తర్వాత అవతలివి మార్చడానికి సొరంగంలోకి నడిచి వెళ్ళాలి. ఒక్కో దారే ముట్టుకోవాలి, అదీ అవతలి కొస ముందు. మాకు మొదటి వారంలోనే నేర్పుతారు. నీకు తెలీదా?"

"అబ్బే, కంగారులో..." కన్సల్టెంట్ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి జారింది. లిప్‌స్టిక్ మూత ఊడింది. లోపల విషపు సూది.

ముంగిస వైర్ల చుట్ట ఆమె మణికట్టుకు పడింది. రెండు మెలికలు, ఒక ముడి. కుర్చీకి కట్టిపడేశాడు.

"ముఠాకి రూటర్ పడగొట్టే శ్రమ కూడా లేకుండా చెయ్యబోయావు కదే!"

"నీలాంటి నిచ్చెన మోసేవాడితో నాకు మాటలేంటి?" అంది ఆమె.

ఇంజనీరమ్మ తల తిప్పలేదు. మొదటి దారి: అవతల మార్చింది, లింకు పోయింది. ఇవతల మార్చింది, వచ్చింది. రెండో దారి: అవతల మార్చింది, పోయింది. ఇవతల టైపు చేస్తుంటే వేలు జారి ఒక అంకె తప్పు పడింది. బూతు ఒకటి తిట్టి, చెరిపి, మళ్ళీ కొట్టింది. పదింటికి ఇంకా రెండు సెకన్లుండగా లింకు లేచింది.

పది.

మొదటి రూటర్ స్తంభించింది. లైటు పచ్చగానే ఉంది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

రెండో దారిలో ఎర్ర సిగ్నల్ దూసుకుపోయింది. రెండు రైళ్ళూ ఎదురెదురుగా, ఒకదాని దీపం ఇంకోదాని అద్దంలో కనిపించేంత దగ్గరగా ఆగాయి.

పావుగంటకల్లా చీఫ్ మందీమార్బలంతో దిగాడు. "శభాష్! నాలుగే సెకన్లు! నీకు పతకం ఇప్పిస్తానమ్మా. కానీ ఇంత తేలికైన పని ముందే ఎందుకు చెయ్యలేదు?"

ఇంజనీరమ్మ కుర్చీలోంచి లేచింది.

"మీకే మూడు ఉత్తరాలు రాశాను. భద్రత విషయం, మీ అనుమతి లేనిదే ముట్టుకోకూడదన్నారు. ఈ కుర్చీలో ఉన్నదాని మాట విని మూడూ తిప్పి పంపారు. మూడోది తిరిగొచ్చిన రోజే మా తమ్ముడు పోయాడు. పతకం మీ దగ్గరే పెట్టుకోండి సార్. మా ఇంటికొచ్చి, మీ కొడుకు తప్పు కాదు నాదేనని మా అమ్మతో చెప్పండి."