బూడిదరంగు అట్ట

“ఈ వారం మన గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు వచ్చాయి. సముద్రపు నీళ్ళెక్కిన పొలాల్లో మళ్ళీ పంట తీసినవాళ్ళ అనుభవాలు ఒక పుస్తకం. వలసపక్షుల మీద ఇంకొకటి, మంచి బొమ్మలతో ఉంది, పిల్లలకు చదివి వినిపించండి...”

గ్రంథాలయం చూసుకునే సలోమి మైకులో చెబుతూనే ఉంది గానీ వినే ఓపిక ఎవరికీ లేదు. ఆదివారం ఆరాధన ముగిసీ ముగియకముందే సంఘంలో సగంమంది గుడి పక్కనున్న గ్రంథాలయం ముందు వరస కట్టేశారు. ఫలానా పుస్తకం బాగుంటుందని ఆమె చెబితే విని, అటూ ఇటూ తిరగేసి తీసుకెళ్ళే రోజులు పోయాయి. మనోదర్శి వచ్చాక కొత్తరేవులో ఎవరూ తమ పుస్తకాన్ని తాము ఎంచుకోవడం లేదు.

చూడడానికి అది చపాతీలు వత్తే పీటంత గుండ్రటి పలక. దానిమీద అరచెయ్యి ఆనించి, ఎదుట ఉన్న అద్దంలోకి చూస్తూ కాసేపు నిలబడాలి. నాడి కొట్టుకునే తీరు, చెమట, ఊపిరి, కనుపాపల కదలిక, అన్నిటినీ కలిపి చదివి, ఆ మనిషికి ఆ పూట ఏ పుస్తకం అవసరమో మనోదర్శి తేలుస్తుంది. పక్కనున్న ముద్రణపేటిక ఆ పుస్తకాన్ని అక్కడికక్కడే అచ్చువేసి, కుట్టి, అట్ట అంటించి బయటికి తోస్తుంది.

యంత్రం చేసిన మేలు చిన్నది కాదు. సముద్రం పాత ఊళ్ళను మింగేశాక, మెరక చేసిన నేల మీద కట్టిన ఊరు కొత్తరేవు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళలో ఏళ్ళ తరబడి నోరు విప్పని వాళ్ళుండేవారు. తాగి గోడలకు తల బాదుకునేవాళ్ళుండేవారు. వాళ్ళ చేతుల్లోకి సరైన పుస్తకం సరైన రోజున వచ్చి పడింది. ఊరు మెల్లగా తేరుకుంది. ఆ సంగతి సలోమికి తెలుసు కనుకనే, తన మాట వినేవాళ్ళు లేరన్న చిన్నతనాన్ని ఆమె ఎప్పుడూ పైకి రానివ్వలేదు.

ఆమెను కలవరపెట్టింది అట్టల రంగులు. చదివి తెచ్చిచ్చిన పుస్తకాలు తేలిగ్గా సర్దుకోవడానికి ఒక్కో విభాగానికి ఒక్కో రంగు పెట్టారు. ఆ రంగుల భావమేమిటో ఎక్కడా రాసిపెట్టలేదు. అయినా ఊరు పసిగట్టేసింది. నీలం అట్టతో ఎవరైనా ఇంటికి వెళ్తే దుఃఖంలో ఉన్నారని ఇరుగుపొరుగు కూర వండి పంపేవారు. పెళ్ళికాని పిల్ల చేతిలో పసుపు అట్ట కనబడితే “ఎవరే అబ్బాయి?” అని ఆటపట్టించేవారు. బూడిదరంగు అట్ట మాత్రం అరుదు. తప్పు చేసి లోలోపల కుమిలేవాళ్ళకు వచ్చే రంగు అది.

సలోమి మైకు ఆపి గ్రంథాలయంలోకి వచ్చేసరికి వరసలో గిడియోను కనబడ్డాడు.

గిడియోను, ఫిలిప్పు ఒకే పడవలో వేటకు వెళ్ళేవారు. వరసకు బావా బామ్మర్దులు. కిందటి నెల గాలివానలో పడవ చిక్కుకుని ఫిలిప్పు సముద్రం పాలయ్యాడు. గిడియోను ఒక్కడే తిరిగొచ్చాడు. కెరటం లాక్కుపోయిందని చెప్పాడు. పోలీసులు కూడా ప్రమాదమనే రాసుకున్నారు. ఆనాటి నుంచి గిడియోను సరిగా తిండి తినడం లేదు, పడవ ఎక్కడం లేదు. “వెళ్ళి పలక మీద చెయ్యి పెట్టు బాబూ, మనసు తేలికపడుతుంది” అని పాస్టరయ్యగారే ఆ ఉదయం అతన్ని బతిమాలి పంపారు.

అతని వంతు వచ్చింది. మోటు చెయ్యి పలక మీద ఆనించాడు. అద్దంలోకి చూడలేక రెండుసార్లు తల దించుకున్నాడు. రాబోయే అట్ట రంగు చూపించే దీపం పేటిక మీద వెలిగింది.

బూడిదరంగు.

పేటిక లోపల కాగితాలు గరగరలాడుతున్నాయి. సలోమి గబగబా ముందుకెళ్ళి దీపానికి అడ్డంగా నిలబడింది. అట్ట రంగు మార్చే మీట పేటిక వెనక ఉంది. దాన్ని ముట్టుకోవడం నిబంధనలకు విరుద్ధం. అయినా ఆమె చెయ్యి అటు వెళ్ళింది. మీట నీలం మీద ఆగేలోపే పుస్తకం బూడిదరంగు అట్టతోనే బయటికి వచ్చేసింది.

“చూశారా! చూశారా!” వెనకనుంచి యాకోబు అరిచాడు. అతను ఫిలిప్పుకు చిన్నాన్న. “నేనంటే ఎవరూ నమ్మలేదు. ఏరా, నా అన్న కొడుకుని ఏం చేశావురా?”

గిడియోను తలుపువైపు రెండడుగులు వేశాడు. ఎవరో తలుపు మూసి గడియ పెట్టేశారు. ఎవరు పెట్టారో సలోమికి కనబడలేదు గానీ, ఎవరూ తియ్యబోవడం లేదని మాత్రం తెలిసింది. నిన్నటిదాకా గిడియోను ఇంటికి అన్నం కారియర్లు పంపినవాళ్ళే వాళ్ళంతా.

“యాకోబన్నా, ఆగు” అంది సలోమి. “ఇది పుస్తకమే గదా. సాక్ష్యం కాదు.”

“మరెందుకొచ్చిందమ్మా ఆ రంగు? నీ యంత్రం ఇన్నేళ్ళలో ఎప్పుడైనా తప్పు చెప్పిందా?”

యంత్రం ఎప్పుడూ తప్పు చెప్పలేదు మరి.

“ఒక పని చెయ్యండి” అన్నాడు యాకోబు, జనం వైపు తిరిగి. “మళ్ళీ వాడి చెయ్యి ఆ పలక మీద పెట్టండి. పెట్టి, ఫిలిప్పును చంపావా అని అడుగుదాం. దీపం ఏ రంగు వెలుగుతుందో చూద్దాం. తేలిపోద్ది.”

“అవునవును” అన్నారు ఒకరిద్దరు. ఆ మాట నిప్పంటుకున్నట్టు గదంతా పాకింది. ఇద్దరు గిడియోను జబ్బలు పట్టుకున్నారు. విచిత్రమేమిటంటే అతను పెనుగులాడలేదు. పుస్తకాన్ని గుండెకు అదుముకుని, లాక్కెళితే వెళ్ళేవాడిలా నిలబడ్డాడు. ఆ వాలకం చూసి సలోమికి ఇంకా భయమేసింది.

ఆమె రెండు చేతులూ పలక మీద పరిచి వంగి నిలబడింది.

“నేను తియ్యను. నన్ను తోసేసి పెట్టుకోండి మీరు. ఇవాళ ఇతన్ని అడుగుతారు. వచ్చే ఆదివారం మీ ఆడవాళ్ళని అడుగుతారు, ఆ పైన మీ పిల్లల్ని అడుగుతారు. ఇది పుస్తకం ఇచ్చే యంత్రం. తీర్పు చెప్పేది కాదు. అంత తెలుసుకోవాలనుంటే మనిషిని అడగండి!”

“అడ్డం లే సలోమీ!”

యాకోబు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడే బయటినుంచి ఎవరో తలుపు తట్టారు. గట్టిగా కాదు. మెల్లగా, ఆపకుండా.

“నేనొచ్చాను. తియ్యండి.”

ఫిలిప్పు తల్లి సుందరమ్మ గొంతు అది. గడియ తీశారు. జనం తప్పుకుని దారి ఇచ్చారు. ఆమె తెల్లచీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని నేరుగా గిడియోను ముందుకు వచ్చి నిలబడింది. బయట ఉన్నవాళ్ళెవరో పరుగెత్తి వెళ్ళి చెప్పినట్టున్నారు, ఇంకా రొప్పుతోంది.

“ఇదేనా?” అంది పుస్తకాన్ని చూపించి.

అతను తల ఊపాడు.

“వదిలెయ్యండి వాణ్ణి. మీరందరూ బయటికి నడవండి.”

“వదినా, నువ్వు ఊరుకో. యంత్రం చెబితే...”

“కొడుకు నాకు పోయాడు యాకోబూ. నడువు. నువ్వుండు సలోమీ.”

ఒక్కొక్కరే బయటికి వెళ్ళారు. యాకోబు వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరే ఆగిపోయాడు. సలోమి తలుపు దగ్గరగా వేసింది. సుందరమ్మ బల్ల మీద కూర్చుని, గిడియోనుకు ఎదురుగా కుర్చీ చూపించింది.

“నాకు చదువు రాదని నీకు తెలుసు గదా. చదివి వినిపించు.”

సలోమి కల్పించుకుంది. “అక్కా, కావాలంటే చదువుగొంతు పెడతాను. ఆ పెట్టె ఏ పుస్తకమైనా చదివి వినిపిస్తుంది.”

“పెట్టె చదివితే నాకేం తెలుస్తాది? వాడు చదవాలి. వాడి గొంతు ఎక్కడ ఆగుతాదో నేను వినాలి.”

గిడియోను పుస్తకం తెరిచాడు. అది ఎవరో ఒక లారీ డ్రైవరు రాసుకున్న జీవితకథ. రాత్రి రోడ్డు మీద జరిగిన ప్రమాదంలో తన క్లీనరును వదిలి పారిపోయిన మనిషి, తరువాత ఎలా బతికాడో చెప్పుకున్న కథ. గిడియోను పొడి గొంతుతో, పదం పదం కూడబలుక్కుంటూ చదివాడు. డ్రైవరు బాల్యం చదివాడు, మొదటి లారీ కొన్న రోజు చదివాడు. సుందరమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. బయట జనం గుసగుసలు కిటికీలోంచి వినబడుతున్నాయి.

“‘ఆ క్షణంలో నా చేతులు నా మాట వినలేదని అందరికీ చెప్పాను...’”

గొంతు ఆగింది.

సుందరమ్మ కళ్ళు తెరవలేదు. “ఆ తరవాత?”

“‘విన్నాయి...’” అన్నాడు గిడియోను. కాగితం మీద అతని వేలు కదలడం లేదు. “‘విన్నాయి. అదే నా...’”

“మళ్ళీ మొదటినించీ ఆ మాట చదువు.”

అతను చదవలేదు. పుస్తకం ఒడిలోకి జారిపోయింది.

“కెరటం లాక్కుపోయిందని చెప్పాను గదత్తా. లాక్కుపోలేదు. నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. పడవ ఒరిగిపోతంది. పట్టుకున్న కమ్మీ జారిపోతంది. ఇద్దరం పోతామనిపించింది. నేనే...” చెయ్యి చాపి, ఆ పట్టు ఇంకా అక్కడే ఉన్నట్టు దానివైపు చూశాడు. “నేనే వదిలేశాను.”

సలోమి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సుందరమ్మ కదలలేదు. ఆమె చేతి వేళ్ళు మాత్రం బల్ల అంచును పట్టుకుని తెల్లబడ్డాయి. యంత్రం ముందు నిలబడినవాళ్ళను ఎంతమందినో చూసిన సలోమికి, ఆ ముఖంలో ఏముందో చెప్పడానికి ఒక్క రంగూ తోచలేదు.

సుందరమ్మ అడిగింది. “ఆఖరికి ఏమన్నాడు?”

“ఏమీ అనలేదత్తా.”

“నీ మీద కోపంగా చూశాడా?”

“లేదు. ఏం జరిగిందో అర్థం కానట్టు చూశాడు. అంతే.”

ఆమె గొంతులోంచి ఒక మూలుగు వచ్చి మధ్యలోనే ఆగిపోయింది. అదే సమయానికి తలుపు కదిలింది.

“వదినా! ఏమన్నాడు? ఒప్పుకున్నాడా?” యాకోబు.

గిడియోను లేచి నిలబడ్డాడు. తలుపు తెరిచి తనే చెప్పేయాలని అతని ముఖం చూస్తే తెలుస్తోంది. సుందరమ్మ అతని మణికట్టు పట్టుకుని మళ్ళీ కుర్చీలోకి లాగింది. ఆ పట్టు ఎంత గట్టిదో సలోమి చూసింది. అది ఓదార్పో కసో ఆమెకు అంతుపట్టలేదు.

“పుస్తకం చదువుతున్నాడు” అని సుందరమ్మ తలుపు వైపు గట్టిగా చెప్పింది. “ఇంకా అవలేదు. ఇంటికి పో.”

అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, గొంతు తగ్గించి అంది.

“నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు.”

“అనుకోనత్తా.”

“పోలీసులకి చెప్పుకుంటావో, గుడిలో నిలబడి చెప్పుకుంటావో నీ ఇష్టం. ఎప్పుడు చెప్పాలో కూడా నువ్వే చూసుకో. రేపు మజ్జానం ఇంటికొచ్చి మిగతాది చదువు.”

ఆ సాయంత్రం పాస్టరయ్యగారు వరసలో జరిగిన గొడవ సలోమి చెప్పగా విని, అట్టలన్నీ ఇకనుంచి తెల్లగానే ఉండాలని నిర్ణయించారు. లోపల ఏం జరిగిందో ఆమె ఆయనకు చెప్పలేదు. ఆయన అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఏదో సాకు పెట్టుకుని సలోమి సుందరమ్మ ఇంటికి వెళ్ళింది. ఏం జరుగుతుందోనన్న భయం ఆమెను కూర్చోనివ్వలేదు. గిడియోను అప్పటికే వచ్చి ఉన్నాడు. వీధి పొడుగునా జనం గుమ్మాల్లో నిలబడి చూస్తుండగా ఆ పుస్తకం చేత్తో పట్టుకునే నడిచి వచ్చాడట. అతని ముఖం రాత్రంతా నిద్ర లేనట్టుంది. సుందరమ్మ ముఖమూ అలాగే ఉంది. గోడమీది ఫిలిప్పు ఫోటో కింద స్టూలు వేసి అతన్ని కూర్చోమంది. మంచినీళ్ళ గ్లాసు అతని పక్కన నేలమీద పెట్టింది, చేతికి ఇవ్వలేదు.

గిడియోను నిన్న ఆగిన పేజీ వెతికి తెరిచాడు.

“అక్కణ్ణించి కాదు. మొదటినించీ చదువు” అంది సుందరమ్మ. “నిన్న నేను నీ గొంతే విన్నాను. పుస్తకం వినలేదు.”