చెరపని టిక్కు

తెల్లవారి ఐదు గంటల బస్సుకు పోయే ముందు మునిచంద్ర వంటింటి గోడకు ఆ రోజు కాగితం అంటించి పోతాడు. అతను కుప్పంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పని చేస్తాడు. ఇంటి పనులన్నీ గడుల్లో పేర్చి రోజుకొక కాగితం తయారుచేయడం అక్కడే నేర్చుకున్నాడు. పని అయితే గడిలో టిక్కు పెట్టాలి. ఆదివారం ఆ టిక్కులన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, వారం ఎట్లా గడిచిందో భార్యకు చెబుతాడు.

కుసుమ ఏడో తరగతితో బడి మానేసింది. పెళ్లయి పుంగనూరు వచ్చాక పాల వ్యాను హారనే ఆమెకు గడియారం. అది వినబడగానే మూడేళ్ల కీర్తికి ఫిట్సు మందు పోసేది. ఒక్క రోజూ తప్పలేదు.

"వ్యాను రాకుంటే బిడ్డకు మందు లేదా?" అని నవ్వాడు మునిచంద్ర. "ఇంక కాగితం సూడు. నేను పొయ్యేలోగా పాప లేస్తే నేనే మందు పోసి టిక్కు పెడతా. టిక్కుంటే నువ్వు మళ్ళా పొయ్యొద్దు. రెండుసార్లు పడితే ప్రమాదం."

ఆ చివరి మాట కుసుమ గుండెల్లో దిగిపోయింది.

ఒక వారం అట్లా గడిచింది. తర్వాతి సోమవారం మందు గడిలో టిక్కు ఉంది. మంగళవారమూ ఉంది. బుధవారం వ్యాను హారన్ విని సీసా అందుకుంది. కాగితం చూసి మళ్ళీ పెట్టేసింది.

"మందు తగ్గినట్టే లేదు అత్తా," అంది గౌరమ్మతో.

"వాడు పోసుంటాడులేమ్మా. సదువుకున్నోడు పెట్టిన గుర్తు మీద నీకేం అనుమానం?"

పది గంటలకు కీర్తి ఆడుకుంటూ పడిపోయింది. మదనపల్లె ఆసుపత్రికి చేరేదాకా ఫిట్సు ఆగలేదు.

సాయంత్రం మునిచంద్ర ఆసుపత్రికి వచ్చేసరికి బిడ్డ నిద్రపోతోంది. ఎడమ చెయ్యి కదలడం లేదని డాక్టరమ్మ చెప్పింది. కుసుమ వెంట తెచ్చిన మందు సీసాను అతను ఎత్తి చూశాడు.

"ఆదివారం యాడుందో ఈడనే ఉండాది. మూడు దినాలు ఏం చేస్తాండావు ఇంట్లో? ఒక్క గడి సూసుకోలేవా?"

కుసుమ కొంగున ముడేసుకొచ్చిన మూడు కాగితాలూ తీసి ఇచ్చింది. "టిక్కుండాది. నువ్వే పోసినావనుకుంటి."

"నేను పెట్టలేదే," అంటూ అతను ట్యూబులైటు కిందికి పోయాడు. అది పెన్ను సిరా కాదు. కాగితంతో పాటే అచ్చు పడిన టిక్కు. పోయిన వారం కాగితాలకే తేదీలు మార్చి ప్రింటు తీశాడు. మిగతా గడులు ఖాళీ చేశాడు కానీ మందు వరుసలోని పాత టిక్కులు చెరపడం మరిచాడు.

గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "అనుమానమొస్తే ఫోన్ యాల చెయ్యలేదు కుసుమా?"

"ఏడో తరగతిదాన్ని. కాగితం తప్పు చెప్పదనుకుంటి. నా కండ్లనే నమ్ముకోలేదు."

"నేనే నోరు మూయిస్తినిరా," అంటూ గౌరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎనిమిది రోజులకు ఇల్లు చేరారు. మరునాడు మునిచంద్ర ఐదు గంటల బస్సుకు పోలేదు. వంటింటి గోడ మీద జిగురు మరకలు తప్ప ఏమీ లేవు. పాల వ్యాను హారన్ మోగింది. కుసుమ సీసా అందుకుని ఆగిపోయింది.

"నువ్వు పొయ్యలేదు గదా?"

"లేదు. పొయ్యి."

చెంచా నిండింది. బిడ్డ నోటి దాకా పోయి ఆమె చెయ్యి మళ్ళీ ఆగింది.

"నిజంగా పొయ్యలేదు గదా?"

అతను పట్టు లేని ఆ చిన్న ఎడమ చేతిని తన గుప్పిట్లో పెట్టుకుని, తల అడ్డంగా ఊపుతూ ఏడ్చాడు.