బండల ఫ్యాక్టరీ కాడ పసుపు లైటు

బనగానపల్లె దాటినాక రోడ్డుకు ఎడమపక్క మూతపడిన బండల ఫ్యాక్టరీ ఒకటుంది. పగలు మేకలు తప్ప దాన్నెవరూ పట్టించుకోరు. చీకటి పడిందంటే మాత్రం... దాని ముందు ఏ బండీ ఆగదు.

కోత మిషన్ కింద పడి చచ్చిన కూలీ ఒకడు అక్కడ కాపు కాస్తుంటాడట. కారు గేటు దగ్గరికి రాగానే టైర్లలో గాలి పీలుస్తాడట! మీటరు పక్కన, టైర్లలో గాలి తగ్గిందని చెప్పే పసుపు లైటు వెలుగుతుంది. అప్పుడు అద్దం దించి నిమ్మకాయ విసరాలి. ఆ లైటు ఆర్పే రీసెట్ బటన్ మూడు సెకన్లు నొక్కిపట్టాలి. లైటు మూడుసార్లు కొట్టుకుని ఆరిపోతుంది. అంటే... వాడు వదిలేసినట్టు.

కోయిలకుంట్లలో ట్యాక్సీ పెట్టుకున్న వాసుదేవ్‌కు ఈ మాట వింటే ఒళ్లు మండేది. రెండు నెలల్లో ఆ లైటును నలభై మంది చూశారని ఊరంతా అంటోంది. అతను లెక్క తీశాడు. నలభై మందీ అతని కారులో, అతని డ్రైవర్ ఓబులేష్ తోలుతుంటే పోయినవాళ్లే!

"దెయ్యానికి ఇంకో కారు దొరకలేదా ఓబులేషూ?"

"నవ్వొద్దు సార్. టైర్లు చూసినా. గాలి శానా బాగుండాది. మరి లైటెందుకు ఎలగతాది?"

"నీ తలకాయలో గాలి ఎక్కువై."

ఆ రాత్రి వాసుదేవ్ స్టీరింగు తనే పట్టాడు. వెనక సీట్లో, కారు బాడుగకు పిలిచిన హిమబిందు. పదీ నలభైకి ఆమె కర్నూలులో రైలెక్కాలి. పొద్దున తొమ్మిదికి హైదరాబాదులో కొత్త ఉద్యోగంలో చేరకపోతే, అది జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది.

ఫ్యాక్టరీ కనబడింది.

లైటు వెలిగింది.

"వాసుదేవ్..." హిమబిందు ముందుకు వంగింది. "ఆపొద్దప్పా. పోనీ."

"ఒక్క నిమిషం అక్కా. ఈ పిచ్చోళ్ల నోళ్లు మూయించాల."

గేటు దాకా, పగిలిన బండల ముక్కల మీదుగా కారు పోనిచ్చాడు. తెల్లచొక్కా చేతులు మడిచి, గాలి కొలిచే గేజి పట్టుకుని దిగాడు. ముప్పై అయిదు... ముప్పై ఆరు... ముప్పై అయిదు... ముప్పై ఆరు. తలుపు మీది స్టిక్కరు అడిగేది ముప్పై మూడు. నడిచి వేడెక్కిన టైర్లకు ఆ రెండు మూడు పాయింట్లు మామూలే.

లోపలికొచ్చి బటన్ నొక్కిపట్టాడు. లైటు ఆరింది.

"చూసినావా? దెయ్యమంటే ఇంతే."

లైటు మళ్లీ వెలిగింది.

అతను మళ్లీ నొక్కాడు. ఆరింది. వెలిగింది...

అప్పుడు వినబడింది. కారు వెనక, కింద, చీకట్లో — ఎవరో పళ్ల సందున గాలి పీలుస్తున్నట్టు — స్స్స్...

వాసుదేవ్ బటన్ వదల్లేదు. హిమబిందే ఫోను లైటేసుకుని దిగింది.

వెనక టైరులో అరచేతి పొడుగు బండముక్క దిగి ఉంది.

"దెయ్యం లేదు గానీ, బుద్ధి కూడా లేదప్పా నీకు. స్టెప్నీ తియ్యి!"

అతను డిక్కీ తెరిచాడు. స్టెప్నీని ఒకసారి తట్టి చూశాడు. గేజి పెట్టాడు. ఇరవై నాలుగు.

అప్పుడు వెలిగింది అతని బుర్రలో. ఈ కారులో గాలి సెన్సర్లు నాలుగు కాదు, అయిదు; అయిదోది స్టెప్నీది. ఇరవై అయిదుకు తగ్గితే లైటు వస్తుంది. నడిచే టైర్లు వేడిగా ఉంటాయి. డిక్కీలో పడున్నది పగలంతా ఎండకు ఉబ్బి, పొద్దు గూకినాక చల్లబడి, సరిగ్గా ఈ వేళకు ఆ గీత దిగుతుంది. రోజూ రాత్రి రైలు కోసం అదే వేళకు బయల్దేరే కారు ఆ వేళకు ఈ గేటు ముందే ఉంటుంది. లైటు రెండు నెలలుగా నిజమే చెబుతోంది. రీసెట్ నొక్కితే గాలి నిండుతుందా?

"దీన్నే ఎక్కించి, ఈ తక్కువ గాలితోనే పోదాం అక్కా—"

"నీ లెక్కలు నమ్మి రైలు పోగొట్టుకోను."

దూరంగా లారీ. వాసుదేవ్ రోడ్డు మీదికి ఉరికి చేతులూపాడు. లారీ హారన్ కొట్టి మరింత జోరుగా వచ్చింది. హిమబిందు అతన్ని కారు వెనక్కి నెట్టి, తను వెలుగులోకి వచ్చింది.

"దెయ్యానికి సూట్‌కేసు ఉంటాదా అన్నా? ఆపు! రైలుండాది!"

బ్రేకులు కీచుమన్నాయి. ఆమె ఎక్కేసింది. కారు వెనకనుంచి వాసుదేవ్ లేచి రెండడుగులు వేశాడు. లారీ డ్రైవరు ఆమె భుజం మీదుగా చూశాడు.

"అమ్మా... నీ ఎనకాల తెల్లగా నిలబడుకోని ఉండేది ఏందది?"

హిమబిందు తిరిగి చూసింది. పైనుంచి కిందికి, తీరిగ్గా చూసింది.

"దాంతో మాట్లాడొద్దన్నా. తొక్కు!"