రెండొందల మీటర్ల అబద్ధం

నోలా ట్రెవిన్ శవం దొరికేసరికి చేతిలో జీపీఎస్ ఇంకా పనిచేస్తూనే ఉంది. స్క్రీన్ మీద "గమ్యం చేరుకున్నారు" అని వెలుగుతోంది.

ఆమె గమ్యం రాళ్ళ మధ్యనున్న సన్నటి దారి. అది అక్కడికి రెండొందల మీటర్ల అవతల ఉంది. ఆమె చేరుకున్నది డెంటిస్ట్‌ని.

డెంటిస్ట్ అంటే మనిషి కాదు. ఆస్ట్రేలియాకి దక్షిణాన బాస్ జలసంధిలో, ఫ్లిండర్స్ ద్వీపానికి దక్షిణాన, నీళ్ళకి జానెడు కింద దాక్కున్న రాళ్ళ వరస. ఆ పేరెందుకొచ్చిందో నోలా పడవ అడుగు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

అది మంగళవారం. శుక్రవారం పొద్దున అదే ద్వీపంలోని లేడీ బారన్ అనే ఊరి రేవులో ఏజెంట్ కోరిన్ పాస్కో ఫోన్ మోగింది.

"చిప్స్ వేడిగా ఉన్నాయా?"

"వెనిగర్ అయిపోయింది."

"గుడ్." అవతల పై అధికారి హాస్కెట్, కాన్‌బెర్రా నించి. కోడ్ మాటలు ఆయనే పెడతాడు, ఎప్పుడూ ఆకలి మీదుంటాడు. "అంతోన్ అని ఒక ఇంజినీర్. విదేశీ ముఠా ఓడలోంచి తెల్లారగట్ల దూకేశాడు. సముద్రం అడుగున మన కేబుల్‌కి వాళ్ళు ఎక్కడెక్కడ చెవులు తగిలించారో మొత్తం అతని బుర్రలో ఉంది. అలలు తోస్తే ఇప్పుడు డెంటిస్ట్ చివర ఒక మిట్ట మీద నిలబడున్నాడు. తన దగ్గరున్న శాటిలైట్ ఫోన్‌లోంచి తనున్నచోటి అక్షాంశ రేఖాంశాల నంబర్లు పంపాడు. రాసుకో."

కోరిన్ రాసుకున్నాడు.

"సాయంత్రం నాలుగూ పదికి పోటు నీళ్ళు ఆ మిట్ట మీద మనిషి తల దాటతాయి. అతనికి ఈత రాదు."

"ఈత రాకుండా ఓడలోంచి దూకాడా?"

"లోపలుంటే ఏం చేస్తారో తెలుసు కాబట్టి దూకాడు. ఇంజిన్ పడవ వద్దు, ముఠా వింటుంది. తెరచాప పడవలో వెళ్ళు. టెక్నికల్ ఆఫీసర్ సబీన్ నీకు జీపీఎస్ తెస్తుంది."

"నోలాకి ఇచ్చింది కూడా ఆవిడేగా?"

"అవును. ఏం?"

"ఊరికే."

నోలా, కోరిన్ ఆరేళ్ళు కలిసి పనిచేశారు. ఆమె పెట్టే టీ దారుణంగా ఉండేది. ఆరేళ్ళూ తాగాడు.

సబీన్ పదకొండింటికి దిగింది. ఎర్ర లిప్‌స్టిక్, తెల్ల ప్యాంటు. చేపల రేవుకి తెల్ల ప్యాంటేసుకొచ్చే మనిషిని అక్కడి పక్షులు కూడా నమ్మవు.

"లేటెస్ట్ మోడల్," అంది, నల్లగా సన్నగా మెరుస్తున్న డబ్బా అతని మెళ్ళో వేస్తూ. "అన్నీ సెట్ చేసేశా. నంబర్లు కొట్టుకోవడమే. నేను కొట్టనా?"

"వద్దులే. నాకూ వేళ్ళున్నాయి."

ఆమె వెళ్ళాక కోరిన్ తాడు కొనడానికి పడవ సామాన్ల కొట్టుకి పోయాడు. కొట్టు మెర్ల్‌ది. డెబ్బై ఏళ్ళు. నలభై ఏళ్ళు రొయ్యల పడవ నడిపి, మోకాళ్ళు పోయాక గల్లా పెట్టె ముందు కూర్చుంది. అతని మెళ్ళో డబ్బాని కుళ్ళిన చేపని చూసినట్టు చూసింది.

"ఎవడు అంటగట్టాడు నాయనా నీకిది?"

"ఆఫీసువాళ్ళు."

"ఆఫీసువాళ్ళు ఆఫీసులో తిరగడానికి కొనుంటారు. వేలు తడిపి ముట్టుకో."

ముట్టుకున్నాడు. మ్యాప్ గిర్రున తిరిగి న్యూజిలాండ్‌లో ఆగింది.

"చూశావా. సముద్రంలో పొడి చెయ్యి ఎక్కణ్ణించి తెస్తావ్? బ్యాటరీ అయిపోతే ప్లగ్ పాయింట్ ఎవరు చూపిస్తారు, సొరచేపలా? చెయ్యి జారితే తేలుతుందా?"

"తెలీదు."

"మునుగుతుంది. నాకు తెలుసు." బల్ల కింద నించి ఇటుకంత నారింజరంగు డబ్బా తీసి ఠపీమని పెట్టింది. "ఇది లావు, నాలాగే. బటన్లు, గ్లవుజుల్లోంచి కూడా నొక్కొచ్చు. పెన్సిల్ బ్యాటరీలు, ఏ కొట్లోనైనా దొరుకుతాయి. తేలుతుంది. రేడియో కూడా ఇందులోనే."

"రంగు బావుంది."

"రంగు చూసి కొనేవాళ్ళ వల్లే డెంటిస్ట్ బతుకుతున్నాడు." మెర్ల్ నవ్వలేదు. "ఏది కొన్నా సరే, ఒక పని చెయ్యి. జెట్టీ చివర ఇత్తడి మేకుంది. దాని నంబర్లు ఇదుగో, గోడమీద. మేకు మీద నిలబడి, నేనెక్కడున్నానని డబ్బాని అడుగు. ఉన్నచోటు చెప్పలేంది పోయేచోటేం చెబుతుంది? ఈ ఊళ్ళో అది చెయ్యకుండా ఎవరూ తాడు విప్పరు."

నోలాది ఈ ఊరు కాదు.

కోరిన్ మేకు మీద నిలబడ్డాడు. నారింజ డబ్బా మూడడుగుల తేడాతో చెప్పింది. నల్ల డబ్బా లెక్కలో మాత్రం అతను రెండొందల మీటర్ల అవతల, పబ్బు వెనక కోళ్ళ షెడ్డులో ఉన్నాడు.

మెనూ తెరిచాడు. ఆరో పేజీలో దొరికింది. పాత చార్టులు భూమిని ఒకలా కొలిచాయి, శాటిలైట్లు ఇంకోలా. అవే నంబర్లు ఒక్కో లెక్కలో ఒక్కోచోటు చూపిస్తాయి, రెండొందల మీటర్ల తేడాతో. ఏ లెక్క వాడాలో చెప్పే చిన్న సెట్టింగ్ ఒకటుంటుంది, ఎవరూ చూడరు. సబీన్ దాన్ని పాత లెక్కకి తిప్పింది. అంతే. బాంబు లేదు, విషం లేదు. మెనూలో ఒక్క లైను.

అక్కడికక్కడే ఆమెని పట్టించొచ్చు. కానీ వెనక ఎంతమందున్నారో తెలీదు, మిట్ట మునిగిపోతోంది. అదీగాక, నిజం చెప్పాలంటే, సంకెళ్ళతో అతని కసి తీరదు.

నల్ల డబ్బాని కొత్త లెక్కకి తిప్పి, అంతోన్ నంబర్లు కొట్టి, మళ్ళీ మెళ్ళో వేసుకున్నాడు. నారింజ డబ్బాని లంచ్ బాక్స్‌లో మటన్‌బర్డ్ వేపుడు కింద పెట్టాడు. ఆ పిట్ట మాంసం ఊరివాళ్ళకి ప్రాణం. వాసన మాత్రం చేపనూనెలో వేయించిన చెప్పుది.

మూడూ నలభై. పొగమంచు, గాలి ఉందా లేదా అన్నట్టుంది. మిట్ట ఇంకా అరమైలు. వెనక ఇంజిన్ చప్పుడు.

రబ్బరు స్పీడ్ బోట్. సబీన్, మొహాలు కప్పుకున్న ఇద్దరు. ప్యాంటు మారింది, లిప్‌స్టిక్ మారలేదు. చేతిలో సైలెన్సర్ పిస్టల్.

"నీ పడవ అడుగున ట్రాన్స్‌మీటర్ అంటించాన్లే, డియర్. వెతకనక్కర్లేకపోయింది. మెళ్ళో బొమ్మ ఇటివ్వు. అంతోన్ మావాడు."

కాస్త బెట్టుచేసి ఇచ్చాడు. "కాల్చవా?"

"బుల్లెట్ దొరికితే ప్రశ్నలొస్తాయి. నోలా విషయంలో ఒక్క ప్రశ్నా రాలేదు. నీ పని కూడా డెంటిస్టే చూసుకుంటాడు." తెరచాప తాడు కోసేసింది. తెడ్డు తీసి నీళ్ళలో విసిరేసింది. "ఆ బాక్స్‌లో ఏంటి?"

"మటన్‌బర్డ్. తింటావా?"

మూత తీసి, మొహం తిప్పేసుకుంది. "చచ్చేముందు ఇదా తినేది! ఛీ."

స్పీడ్ బోట్ మంచులోకి దూసుకుపోయింది. కోరిన్ సీటు కింద నించి రెండో తెడ్డు తీశాడు.

ముందు సబీన్ స్క్రీన్ చూస్తూ గట్టిగా చెబుతోంది: "ఇది చూపించే చోటుకి పోవద్దు. రెండొందల మీటర్లు నైరుతికి లాగు. ఇంకా. ఇంకా!" అబద్ధాన్ని సరిదిద్దడం ఆమెకి బాగా వచ్చు. డబ్బా నిజం చెబుతుందన్న అనుమానం మాత్రం రాలేదు.

గోడకి కుండ కొట్టినట్టు ఒక చప్పుడు. ఇంజిన్ ఆగింది. ఒక మగ గొంతు అరిచి ఆగిపోయింది. రెండో గొంతు అరవనే లేదు.

నాలుగూ ఆరు. నారింజ డబ్బా చూపించినచోట అంతోన్ తల ఒక్కటే ఉంది. మునివేళ్ళ మీద నిలబడి, మొహం ఆకాశంకేసి ఎత్తి, ముక్కుతో ఊపిరి లాగుతున్నాడు.

"చిప్స్ వేడిగా ఉన్నాయా?"

"వెనిగర్..." అల నోట్లోకి పోయింది. "అయిపోయింది! లాగరా వెధవా!"

కాలర్ పట్టి లాగాడు. అంతోన్ పడవలో కప్పలా పడి సముద్రాన్నంతా కక్కాడు. చిన్న పడవ. ఇద్దరికే అంచుదాకా నీళ్ళొచ్చాయి.

తిరుగుదారిలో సబీన్ కనిపించింది. ఒక రాయిని కావిలించుకుని ఉంది. కాలు ఒకటి ఉండాల్సిన వైపు లేదు.

"ఎలా?" అంది, పళ్ళు టకటకలాడుతుంటే. "రెండొందలు తీసేశానుగా!"

"అదే తప్పు. నేను జెట్టీ మీదే సరిచేశా."

"కోరిన్, ప్లీజ్. పైకి లాగు."

"చోటు లేదు." నారింజ డబ్బా ఎత్తి ఒక బటన్ నొక్కాడు. "నువ్వున్నచోటు మార్క్ చేశా. రెస్క్యూవాళ్ళకి నంబర్లు చెబుతాలే."

ఆమె రాయిని ఇంకా గట్టిగా పట్టుకుంది. టెక్నికల్ ఆఫీసర్ కదా, అడగాల్సింది తెలుసు. "ఏ లెక్కలో?"

కోరిన్ తెడ్డు వేశాడు.

ఆ నీళ్ళలో మనిషి గంట బతుకుతాడు. వెనక పిలుపు వినిపిస్తూనే ఉంది. "ఎవరది?" అన్నాడు అంతోన్.

"టెక్నికల్ సపోర్ట్."

బొటనవేలు మెల్లిగా మెనూలోకి పోయింది. ఆరో పేజీ. పాత లెక్క. అప్పుడు రేడియో నొక్కి, స్క్రీన్ మీదున్న నంబర్లు ఉన్నవున్నట్టు, స్పష్టంగా, రెండుసార్లు చదివాడు.

"రాసుకున్నాం," అంది రెస్క్యూ గొంతు. "కానీ ఈ మంచులో యాభై మీటర్లు కూడా కనబడట్లేదు, బాస్. ఆ నంబర్లు పాత లెక్కా, కొత్త లెక్కా?"

కోరిన్ మటన్‌బర్డ్ ముక్కొకటి నోట్లో వేసుకున్నాడు. దారుణంగా ఉంది. నోలా టీలా.

"ఏమో, బ్రదర్," అన్నాడు. "నేను రంగు చూసి కొన్నా."