ఊకకు తగిలిన దెబ్బ

తూర్పు మడి నుంచి గాలిలో వచ్చిన సందేశపు చట్రాన్ని ద్వారి యంత్రం మళ్లీ తొట్టిలో పారేసింది. పారేసినట్టు ఎవరికీ చెప్పలేదు. చెప్పడం దాని పని కాదు. చట్రం తలలో ఎవరికి, ఎవరి నుంచి అన్నది చూస్తుంది. పొట్టలో ఏముందో అడగదు. దారిలో ఏదీ చెడలేదని తేల్చే తోకలోని సరిచూపు అంకెతో లెక్క కుదిరిందా, ముందుకు తోస్తుంది. కుదరలేదా, తొట్టి. అంత నిక్కచ్చి మనిషి ఊళ్లో ఉంటే పెళ్లిళ్లకు కూడా పిలవరు.

నల్లగుట్ట స్టేషన్‌లో ఈ ద్వారిని కనిపెట్టుకుని ఉండడమే నూకరత్నం ఉద్యోగం. పొద్దున్నే వచ్చి అద్దాల మీద పేరుకున్న ఉప్పు తుడవాలి, తొట్టి నిండిపోకుండా చూడాలి. తొట్టిలోది చదవడం మాత్రం అనవసరమని శిక్షణలోనే చెప్పారు. జవాబు రాకపోతే పంపినవాళ్లే మళ్లీ పంపుతారు కదా, మనకెందుకు అని.

ఆ రోజు తూర్పు మడివాళ్లు పంపుతూనే ఉన్నారు. సముద్రంలో వాయుగుండం పట్టింది. తీరానికి దూరంగా తేలుతూ నాచు పెంచే మడులన్నీ ఒడ్డుకు చేర్చమని లాగుడు నౌకను పిలుస్తున్నాయి. పిలిచిన మడిని పెద్దకేంద్రంలోని క్రమరి అనే యంత్రం వరసలో పెడుతుంది. చట్రం క్షేమంగా అందని మడిని మనుషులు వదిలేసి పోయిన మడి కింద లెక్కేస్తుంది. మధ్యాహ్నం పోటుకు నౌక బయలుదేరితే ఇక ఎవరి కోసమూ వెనక్కి తిరగదు. ఆ తూర్పు మడి మీద నూకరత్నం అక్క పోలేశ్వరి ఉంది. మొగుడూ పిల్లలూ ఆమెతోనే ఉన్నారు.

నూకరత్నం పెద్దకేంద్రానికి మాట కలిపింది. అక్కడ క్రమరి బాగోగులు చూసే అధికారి జోగారావు.

"బాబూ, తూరుపు మడిలో మనుసులున్నారు. మా అక్కోళ్లు. వరసలో ఎట్టించండి."

"ఉన్నారని నాకూ తెలుసమ్మా. నేను నోటితో చెబితే క్రమరి వినదు. మడి దగ్గర్నుంచి చట్రం రావాలి."

"వస్తన్నాయి బాబూ. తోకలు కుదరట్లేదు. గాలికి యాంటెనా ఒరిగిపోయినట్టుంది."

"కుదిరినది ఒక్కటి వస్తే చాలు. కనిపెట్టుకుని ఉండు. అంతకంటే ఏం చెప్పను?"

ఆయన గొంతులో విసుగు లేదు, నిస్సహాయత ఉంది. నూకరత్నానికి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుందామంటే చేతిలో ఉన్నది ఉప్పు తుడిచిన గుడ్డ. దాన్ని పక్కన పడేసి తొట్టి తెరిచింది.

పైన ఉన్న చట్రం పొట్టలో ఒకటే మాట ఉంది. లాగండి. ఆ తర్వాత అంతా ఊక.

మరీ పొట్టి చట్రాన్ని సందేశాలు నడిచే దారి ఒప్పుకోదు. మాట చిన్నదైతే పంపే పరికరమే మిగిలిన చోటంతా సున్నలతో నింపుతుంది. స్టేషన్లలో దానికి ఊక అని పేరు. మడివాళ్ల చట్రాల్లో ఊకే ఎక్కువ. వాళ్లు మాటల్లో పరమ పిసినారులు. ఎంతమంది ఉన్నారు, ఎవరికి బాగాలేదు, నీరెక్కడిదాకా వచ్చింది, అన్నీ రాయండర్రా అని పెద్దకేంద్రం నుంచి మనుషులు పనిగట్టుకుని వెళ్లి బతిమాలారు. అందరూ బుద్ధిగా తలలూపారు. మర్నాడు మళ్లీ ఒకటే మాట. నీటి మీద ఉన్నంతసేపు ఆపద పేరెత్తకూడదని వాళ్ల పట్టింపు. లాగమంటే లాగాలి గానీ ఎందుకని ఆరా తీయడమేమిటని పోలేశ్వరి వాళ్ల మొహానే అడిగింది. అప్పటినుంచి పెద్దకేంద్రంలో మడివాళ్లను ఊక బేరగాళ్లని ఎగతాళి చేస్తారు.

ఊకలో అన్నీ సున్నలే ఉండాలి. ఈ చట్రంలో అక్కడక్కడా ఒకట్లు మొలిచాయి. నూకరత్నం వాటినే చూస్తూ ఉండిపోయింది. గుడ్ల బుట్టకు దెబ్బ తగిలితే ముందు నలిగేది ఊకే. ఒక నకలు తీసి, ఆ ఒకట్లను తిరిగి సున్నలు చేసి, లెక్క కట్టింది. తోకతో పొల్లుపోకుండా కుదిరింది. అంటే మిగతా చట్రంలో ఎక్కడా గీత కూడా పడలేదు. అక్క అన్న మాట అన్నట్టే ఉంది.

దిద్దిన నకలును ద్వారి ముందు పెడితే చాలు, పంపేస్తుంది. మడి నుంచే వచ్చినట్టు ఉంటుంది, తన చెయ్యి ఎవరికీ కనపడదు. అదే ఆమెకు నచ్చలేదు. ఇలా దిద్దడం అలవాటైతే రేపు ఎవడో లేని మాటను కూడా ఇలాగే తోసేస్తాడు, మడివాళ్ల మాట ఇక ఎవరూ నమ్మరు.

అందుకని చెడిన చట్రాన్ని చెడినట్టే తీసుకుని, ఇంకో చట్రం పొట్టలో పెట్టింది. పైచట్రం తలలో పంపినవారి చోట స్టేషన్ పేరు కాదు, తన పేరు రాసింది. లోపల ఒక ముక్క చేర్చింది. ఊక చెడింది, మాట చెడలేదు. లెక్క చూసుకోండి. నూకరత్నం.

ద్వారి తల చూసింది, తోక చూసింది, దారిచ్చింది. పొట్టతో దానికి పనిలేదు కదా, ఇన్నాళ్లకు ఆ గుణం ఒకందుకు పనికొచ్చింది.

కాసేపటికి జోగారావు మాట్లాడాడు. "ఏం పంపావమ్మా? క్రమరి నా ప్రాణం తీస్తోంది."

"ఏటంటంది బాబూ?"

"ఇది మడి మాటా, నూకరత్నం మాటా అని అడుగుతోంది. ఇలాంటిది దానికెప్పుడూ తగల్లేదు."

"లెక్క సూసారా?"

"రెండుసార్లు చూశాను. కుదిరింది." ఆయన గొంతు తగ్గించాడు. "ఇది తప్పని తేలితే నీ ఉద్యోగం పోతుంది, తెలుసా?"

"తెలుసు బాబూ. అందుకే నా పేరెట్టాను. మీరేటి సెప్పారు దానికి?"

"ఇద్దరిదీ అని చెప్పాను. కింద నా పేరు కూడా పెట్టాను. నౌక ముందు తూర్పుకే వెళ్తోంది."

నూకరత్నం నేల మీదే కూర్చుండిపోయింది.

మధ్యాహ్నం దాటాక నౌక మీది యాంటెనా నుంచి ఓ చట్రం వచ్చింది. తోక చక్కగా కుదిరింది. పొట్టలో ఒకటే మాట. ఎక్కాం. తర్వాత అంతా ఊక. నూకరత్నం నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, ఈసారి ఉప్పుగుడ్డతోనే మొహం తుడుచుకుంది.

"ఎంతమంది ఎక్కారో కూడా రాయమని మీ అక్కకు చెప్పవమ్మా," అన్నాడు జోగారావు.

"సెప్తాను బాబూ. వినదు."

సాయంత్రం దక్షిణాది స్టేషన్ నుంచి ఓ చట్రం ఆమె ద్వారి మీదుగా పెద్దకేంద్రానికి పోయింది. పంపినవారి చోట స్టేషన్ పేరు లేదు. గరగన్న అని, అక్కడ తనలాగే ద్వారిని కనిపెట్టుకుని ఉండే మనిషి పేరుంది. ఆ వెనకే ఉత్తరం నుంచి బంగారమ్మ పేరుతో ఇంకొకటి వచ్చింది. కబురు అప్పుడే పాకింది, వాళ్లూ తన పద్ధతే పట్టారు; పొట్టల్లో ఏముందో నూకరత్నం తెరిచి చూడనక్కర్లేకపోయింది.

ఇంటికి బయలుదేరబోతుంటే ద్వారి లెక్క కుదరని చట్రాన్ని ఒకదాన్ని పట్టుకుని ఆగిపోయింది. ఎన్నడూ నోరెత్తనిది, ఆమె చేసింది చూసి నేర్చుకుందో ఏమో, అద్దం మీద ఓ ప్రశ్న రాసింది.

పారెయ్యనా, చూస్తారా?

నూకరత్నం సంచీ కింద పెట్టి, కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.