నాలుగో సబ్జెక్టు

ఆ ఉదయం నాన్న ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. యూనివర్సిటీ ఫైనల్స్‌లో ఎనిమిది వందల మీటర్ల పరుగు కూతురిది, కంగారు మాత్రం ఆయనది. బస్సు డ్రైవరు కదా, ఇంట్లోనూ హారన్ కొట్టినట్టు “త్వరగా, త్వరగా” అని ఒకటే అరుపులు.

“కాస్త కూర్చోండి. పరిగెత్తేది అది, మీరు కాదు,” అంది అమ్మ వంటింట్లోంచి.

కూతురు నవ్వుతూ బూట్లు వేసుకుంటోంది. కాలేజీలో అందరూ తనని బుల్లెట్ అంటారు. ఇదే ఆఖరి సంవత్సరం. ఈ పరుగు కోసం నాలుగేళ్లుగా నిద్ర మానుకుంది.

గుమ్మం ముందు కాలేజీ వ్యాను ఆగింది. లోపలికి వచ్చిన కోచ్ మేడమ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

“అమ్మాయి ఇవాళ పరిగెత్తడానికి లేదు సార్. చదువు నిబంధన ప్రకారం అర్హత లేదని ఆఫీసువాళ్లు ఇప్పుడే చెప్పారు.”

అందరూ కొయ్యబారిపోయారు. ముందు తేరుకున్నది నాన్నే.

“ఫెయిలయ్యావా? చిలక్కి చెప్పినట్టు చెప్పానే, ఆటతో పాటు చదువూ చూసుకోమని! ఇన్నేళ్ల కష్టం బూడిదలో పోశావు కదే!”

కూతురు తల వంచుకుంది తప్ప నోరు విప్పలేదు.

“తను దేంట్లోనూ ఫెయిలవ్వలేదు సార్,” అన్నారు కోచ్. “ఆడేవాళ్లు టర్ముకి కనీసం నాలుగు సబ్జెక్టులు చదువుతూ ఉండాలి. తను లెక్కలు మధ్యలో వదిలేసింది, మూడే మిగిలాయి. మార్కులు చూసేది టర్ము అయ్యాకే. వదలకుండా ఉంటే, లెక్కల్లో సున్నా వచ్చినా ఇవాళ పరిగెత్తేది.”

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. లెక్కలు మాన్పించింది ఆయనే. ఫెయిలైతే ఆటలోంచి తీసేస్తారన్న భయంతో కిందటి నెల సెలవు పెట్టి మరీ కాలేజీకి వెళ్లి, లెక్కల మాస్టారి కాళ్లావేళ్లా పడి ఆ సబ్జెక్టు తీయించాడు. పిల్ల మొద్దని కోచ్ అనుకుంటారేమోనని, ఆవిడతో అనొద్దని కూతురి నోరు కట్టేసిందీ ఆయనే.

“ఇప్పుడే వెళ్లి మళ్లీ చేర్పిస్తానమ్మా,” అంటూ లేచాడు.

“గడువు దాటిపోయింది సార్.” కోచ్ బుల్లెట్ తల నిమిరి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయారు. మిగతా పిల్లలతో వ్యాను కదిలింది.

నాన్న కూతురి ముందు నేల మీద కూర్చున్నాడు.

“నేను నోటికొచ్చినట్టు తిడుతుంటే, నువ్వే కదా చేసింది అని ఒక్క మాట ఎందుకు అనలేదే?”

“లెక్కలు తీయించి వచ్చిన రోజు నువ్వు ఎంత సంబరపడ్డావో గుర్తొచ్చింది నాన్నా. మేడమ్ ముందు నిన్ను చిన్నబుచ్చలేకపోయాను.”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న కూతురి రెండు చేతులూ పట్టుకున్నాడు.

“తిట్టమ్మా. నేను అరిచినట్టే నువ్వూ అరువు.”

“తిడతాను. ఊరికే వదలను నాన్నా,” అంది బుల్లెట్, ఆయన భుజం మీద తల వాల్చి. “ముందు కాసేపు ఏడవనీ.”